అల్లుళ్ళను మార్చిన మాస్టారు

పోయిన నెల డోలక్ వాయించే మిత్రుడు ఫోన్ చేసి, "మన అల్లుళ్ళ మాస్టారు పోయారండీ. నిద్రలోనే" అన్నాడు. గుండె కలుక్కుమంది. అయినా ఆ పేరు చెవిన పడగానే నవ్వు కూడా వచ్చింది. చావు కబురు విని నవ్వేవాడు మనిషేనా అని మీకు అనిపించవచ్చు. ఆయన్ని ఎరిగినవాళ్ళకి మాత్రం అనిపించదు.

ఆయనకి ఆడపిల్లలు లేరు. ఉన్నది ఒక్క కొడుకు. అల్లుళ్ళంటే సాఫ్ట్‌వేర్లు. పాటలు రికార్డు చేయడానికి కంప్యూటర్‌లో వేసుకునే సాఫ్ట్‌వేర్‌ని ఆయన "అల్లుడుగారు" అనేవారు. వచ్చిన దగ్గర్నుంచీ మర్యాదలు అడుగుతాడు, చిన్న లోటు జరిగినా అలుగుతాడు, పెట్టుపోతలకి అంతుండదు, అల్లుడు కాక మరేమిటని ఆయన వాదన. నేను మెట్లెక్కి వెళ్ళేసరికి తువ్వాలు భుజాన వేసుకుని, కంప్యూటర్ ముందు చేతులు కట్టుకుని కూర్చునేవారు.

"కొత్త అల్లుడుగారు దిగారండీ కీబోర్డుగారూ. దిగీ దిగగానే మెమరీ చాలదన్నారు. సౌండ్ కార్డు పాతదన్నారు. ఇందాకటి నుంచి అలిగి కూర్చున్నారు, మౌస్ కదిపినా పలకట్లేదు."

కీబోర్డుగారంటే నేనే. మనుషుల పేర్లు ఆయనకి గుర్తుండేవి కావు. ఎవరు ఏది వాయిస్తే అదే వాళ్ళ పేరు. డోలక్‌గారు, వేణువుగారు, కోరస్‌గారు. అందరికీ 'గారు', అందరికీ 'మీరు'. టీ తెచ్చే కుర్రాడు ఆయన దగ్గర 'టీగారు'. కంప్యూటర్‌ని కూడా ఆయన ఏకవచనంలో తిట్టగా నేనెన్నడూ వినలేదు.

వన్ టౌన్‌లో మిర్చి గోడౌన్ పైన ఆయన స్టూడియో. ఒకటే గది, మధ్యలో అద్దం. బయటి చప్పుడు రాకుండా గోడలకి కోడిగుడ్ల అట్టలు, వాటి మీద పాత బొంతలు. కింద మిర్చి బస్తాలు దింపే రోజున పల్లవి వరకు ఎలాగో లాక్కొచ్చేవాళ్ళం, చరణాలకి వచ్చేసరికి తుమ్ములు మొదలయ్యేవి. భక్తి పాటలు, క్రైస్తవ గీతాలు, ఎన్నికలప్పుడు పార్టీల పాటలు, అన్నిట్లోనూ మా తుమ్ములు కలిశాయి. రికార్డింగ్ మొదలయ్యే ముందు ఆయన చెయ్యెత్తి, "ఫ్యాన్ ఆపండి" అనేవారు. బెజవాడ ఎండల్లో, కిటికీలు మూసిన గదిలో, ఆ మాట వింటే నాకు ప్రాణం పోయినట్టుండేది. ఫ్యాను రెక్క పూర్తిగా నిలిచేదాకా ఆయన చెయ్యి కిందికి దిగేది కాదు.

ఇదంతా ఆయనకి అసలు ఉద్యోగం కాదు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో కంట్రోల్ రూమ్ డ్యూటీ. షిఫ్టు దిగి, క్యారియర్ చేత్తో పట్టుకుని బస్సెక్కి నేరుగా స్టూడియోకి వచ్చేవారు. నేల మీద తాటాకు చాప పరుచుకుని అన్నం తినేవారు. పాట మధ్యలో కరెంటు పోతే అందరం ఆయన వంకే చూసేవాళ్ళం. "మా వాళ్ళే తీశారండీ, ఏం చేస్తాం" అని, తానే స్విచ్చి ఆపినంతగా నొచ్చుకునేవారు.

సంగీతం వాళ్ళు సాఫ్ట్‌వేర్ ఎందుకు మారుస్తారని అడిగితే నేను ఒక రోజంతా చెప్పగలను. హైదరాబాద్‌లో పెద్ద స్టూడియో వాళ్ళు మార్చారని ఒకడు మారుస్తాడు. తెర నల్లగా ఉంటే గొప్పగా కనిపిస్తుందని ఇంకొకడు. ఊరికే ఆగిపోతోందని ఒకడు. పక్కవాడి గొంతు నున్నగా వస్తోంది, నాది గరుకుగా వస్తోంది, లోపం సాఫ్ట్‌వేర్‌దేనని ఒకడు. ఆ చివరివాడి గొంతు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ నున్నబడలేదు. ఎవరికి వాళ్ళకి ఏదో ఒక కారణం ఉంటుంది. మా మాస్టారు మాత్రం అడిగినప్పుడల్లా ఒక్కో అబద్ధం చెప్పేవారు. డోలక్‌గారితో "రంగు నచ్చిందండీ" అన్నారు. నాతో "పాతాయన మొహం మొత్తారు" అన్నారు. దాంతో నిలకడ లేని మనిషని ఊరంతా పేరొచ్చింది. నేనూ అలాగే అనుకున్నాను. ఒకదానిలో చెయ్యి తిరిగేలోపు ఇంకోటి తెచ్చి పెడితే ఎవరికి మండదు?

పైగా అల్లుడు మారిన ప్రతిసారీ పెద్ద తంతు. పాత సాఫ్ట్‌వేర్‌లో చేసిన పాట కొత్తదానిలో తెరుచుకోదు. అందుకని ఒక్కో గొంతునీ, ఒక్కో వాద్యాన్నీ విడదీసి, మామూలు శబ్దంగా సీడీల మీద దాచుకోవాలి. ఆయన దాచే పద్ధతి వేరు. అన్నీ సున్నా నుంచి దాచేవారు. అంటే, వేణువు రెండో చరణం తర్వాత ఎక్కడో కాసేపు పలికినా సరే, వేణువు ఫైలు పాట మొదటి క్షణం నుంచే ఉండాలి. దానిలో ముప్పాతిక భాగం వట్టి ఖాళీ.

"ఖాళీని ఎందుకండీ మొయ్యడం? సీడీలు దండగ" అని నేను విసుక్కునేవాణ్ణి.

"ఖాళీ ఎంతో తెలియకపోతే వేణువుగారు ఎక్కడ రావాలో కొత్తాయనకి ఎట్లా తెలుసుద్దండీ?" అనేవారు. దగ్గులు, గాజుల చప్పుళ్ళు, వీధిలో తోపుడుబండి గంట, ఏదీ కత్తిరించేవారు కాదు. ఉన్నది ఉన్నట్టు, సున్నా నుంచి.

ఆయన అల్లుళ్ళను మార్చడానికి అసలు కారణం ఒక మామ్మ. బందరు అవతల సముద్రం ఒడ్డున ఒక పల్లె ఆమెది. ఎండుచేపల గంపతో బస్సులో వన్ టౌన్ వచ్చి, టోకు వాళ్ళకి వేసి వెళ్ళేది. మా వీధిలో క్యాసెట్ల షాపాయన పల్లెపాటల క్యాసెట్ ఒకటి చేద్దామనుకుని, ఆమెనీ, ఆమె ఊరి ఆడవాళ్ళనీ మా స్టూడియోకి తీసుకొచ్చాడు. మేము కంప్యూటర్‌లో రికార్డు చేయడం మొదలుపెట్టిన కొత్త రోజులవి.

అప్పట్లో మా పని ఇలా ఉండేది. ముందు కంప్యూటర్‌లో పాటకి ఒక వేగం పెడతాం. హెడ్‌ఫోన్‌లో గడియారంలా టిక్కు టిక్కుమని చప్పుడు వస్తుంది. ఆ టిక్కుకి కట్టుబడి డోలక్కూ, తబలా, వేణువూ అన్నీ నేనే కీబోర్డు మీద వాయించి పెడతాను. అందరు కళాకారుల్ని పిలిపించే స్తోమత క్యాసెట్లవాళ్ళకి ఎక్కడిది? ఆ టిక్కు వింటూ గాయకులు పాడతారు. ఆ ఊరి ఆడవాళ్ళు తిప్పలు పడైనా పాడేశారు. మామ్మ పాడలేకపోయింది. ఆమెది అలివి వల పాట. సముద్రంలో వేసిన వలని ఒడ్డున నిలబడి తాళ్ళతో లాగేటప్పుడు పాడేది. ఆ పాటలో వలని వేళకి ఇల్లు చేరని తోడికోడల్ని తిట్టినట్టు తిడుతుంది.

"ఎవరింట ఉన్నావే వలా, ఏ గంప నింపావే..."

టిక్కు మొదలవగానే మామ్మ తడబడేది. కాసేపటికి హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇదేంది బాబూ, తాడు నా చేతికి రాకముందే చెవులో ఎవరో లాగేస్తన్నారు."

క్యాసెట్ల షాపాయన వాచీ చూసుకుంటున్నాడు. మాస్టారు లేచి వెళ్ళి టిక్కు ఆపేశారు. తాను అన్నం తినే తాటాకు చాప తెచ్చి పరిచారు. "మీ ఇష్టమొచ్చినట్టు పాడండి మామ్మా" అని, నా వైపు తిరిగి, "ఫ్యాన్ ఆపండి" అన్నారు.

మామ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, చాలాసేపు ఊరుకుంది. మర్చిపోయిందేమో అనుకున్నాను. తర్వాత పాడింది. సాగిందీ అంటే అల వెనక్కి పోయినంత దూరం సాగింది, ఆ మీదట దగ్గరికి లాక్కుంది. నేను కీబోర్డు మర్చిపోయాను, షాపాయన వాచీ మర్చిపోయాడు. కానీ ఆ గొంతు పక్కన వాద్యాలు పెట్టబోతే ఒక్కటీ ఇమడలేదు. కంప్యూటర్ వేగం కంప్యూటర్‌ది, మామ్మ వేగం మామ్మది. పోనీ నేనే ఆమెని అనుసరించి వాయిద్దామంటే ఆమె ఎక్కడ సాగుతుందో, ఎక్కడ బిగుస్తుందో నా వేళ్ళకి అందలేదు. చివరికి క్యాసెట్ ఆ పాట లేకుండానే బయటికొచ్చింది.

మామ్మ తర్వాతి నెల గంపతో మెట్లెక్కి వచ్చింది. "ఊళ్ళో అందరి పాటా ఉంది, నాది లేదంట" అంది. కోపంగా అనలేదు. అదే ఆయనకి పెద్ద దెబ్బ.

"మీ పాట వాద్యాలతో సహా బయటికి తెస్తాను మామ్మా. నాది పూచీ" అన్నారు మాస్టారు.

అప్పటి నుంచీ వన్ టౌన్ వచ్చినప్పుడల్లా ఆమె పైకి వచ్చేది. గుమ్మం దగ్గరే కూర్చుని, "అయిందా బాబూ?" అనేది. "ఇంకొకాయన వస్తున్నారు మామ్మా, చూద్దాం" అనేవారు ఈయన. ఆమె కాగితం పొట్లంలో ఎండు నెత్తళ్ళు పెట్టి ఇచ్చేది. ఈయన శాకాహారి. వద్దంటే ఆమె చిన్నబుచ్చుకుంటుందని రెండు చేతులా పుచ్చుకుని, ఆమె మెట్లు దిగగానే పొట్లం నా చేతిలో పెట్టేవారు. ఇచ్చిన మాట నెరవేరక ఆయన నలిగిపోతున్నంత కాలం మా ఇంట్లో నెత్తళ్ళ పులుసుకి లోటు లేదు.

ఒక రోజు నేను వేళకంటే ముందు వెళ్ళాను. మెట్ల మీదికే మామ్మ గొంతు వినిపించింది. వచ్చిందనుకుని లోపలికి వెళితే ఆయన ఒక్కరే ఉన్నారు. అప్పుడే వేసిన కొత్త సాఫ్ట్‌వేర్‌లో మామ్మ పాట ఎక్కించి, తెర వంక చూస్తున్నారు.

"పెళ్ళిచూపులండీ" అన్నారు సిగ్గుపడుతూ. "ఏ అల్లుడుగారు వచ్చినా ముందు ఈ పాటే పెడతాను. మామ్మ వెంట నడుస్తారా, నడవరా అని."

"నడిచాడా?"

"లేదండీ. ఈయనదీ తన దారే."

ఇన్నేళ్ళుగా మేము నవ్వుకుంటున్నది దీన్ని చూసేనా అనిపించింది. అయినా నోరూరుకోదుగా. "ఒక్క పాట కోసం ఇంత అవస్థా? అదే పాట ఎవరైనా చిన్నపిల్లతో టిక్కుకి పాడించి పడెయ్యండి. మామ్మ ఏమీ అనుకోదు" అన్నాను.

"ఆవిడ అనుకోదు. అడిగాను కూడా. పాడించు బాబూ, నాకేం అంది." తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు. "డ్యూటీలో నేను చేసేది ఏంటో తెలుసా అండీ? మీటర్ ముల్లు చూస్తా కూర్చోవడం. మిషన్లన్నీ ఒకే వేగంతో తిరగాలి. ముల్లు ఒక పిసరు పక్కకి జరిగితే గంట మోగుద్ది, పరిగెత్తాలి. అక్కడ జరగకూడదు, సరే. ఇక్కడన్నా ఒక మనిషిని జరగనివ్వకపోతే ఎట్లా అండీ?"

ఆయన అంత పొడుగు మాట మాట్లాడగా నేను విన్నది అదొక్కసారే. ఆ తర్వాత కొత్త అల్లుడు దిగితే నేను విసుక్కోవడం మానేశాను. మెట్లెక్కుతూనే, "నడిచాడా అండీ?" అని అడిగేవాణ్ణి. ఆయన తల అడ్డంగా ఊపేవారు.

క్యాసెట్లు పోయి సీడీలు వచ్చాయి. క్యాసెట్ల షాపాయన సెల్‌ఫోన్ల షాపు పెట్టుకున్నాడు. ఒక ఏడాది నెత్తళ్ళు రాలేదు. మొదట్లో, "మామ్మ అలిగినట్టుందండీ" అని నేను హాస్యమాడాను. ఆయన నవ్వలేదు. వేసవి వెళ్ళింది, వానలు వెళ్ళాయి. మెట్ల మీద ఎవరి అడుగు వినిపించినా ఆయన అద్దంలోంచి తొంగి చూసేవారు. అప్పుడే ఒక కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. మనం పాట వింటూ ఎక్కడెక్కడ తాళం దెబ్బ పడాలో వేలితో నొక్కి చెబితే, అది తన వేగాన్ని ఆ దెబ్బలకి తగ్గట్టు సాగదీసుకుంటుందట, కుదించుకుంటుందట. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన అల్లుడు గుమ్మంలోకి వచ్చి నిలబడితే ఆయన ఆ సాఫ్ట్‌వేర్ పెట్టె విప్పలేదు. ఆ సీడీ బల్ల మీద అట్లాగే పడి ఉంది. ఎవరికోసం విప్పాలి అన్నట్టు కూర్చునేవారు.

సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం మెట్ల మీద కర్ర చప్పుడు వినిపించింది. మామ్మ. కళ్ళకి లావుపాటి అద్దాలు. గంప లేదు. పొట్లం మాత్రం ఉంది.

"జబ్బు చేసింది బాబూ. ఆస్పత్రిలో ఉన్నా, ఆనక కూతురింట్లో" అంది, గుమ్మం దగ్గర కూలబడి. "అయిందా?"

ఆ ప్రశ్నకి మొదటిసారి మాస్టారు, "అయిద్ది మామ్మా" అన్నారు.

"తొరగా చెయ్యి. మళ్ళీ పాడమంటే నా వల్ల కాదు. దమ్ము లేదు."

ఆమె బస్సు ఎక్కేలోపే ఆయన పెట్టె విప్పారు. ఆదివారం మార్కెట్ సెలవు, కింద బస్తాల గోల లేదు. పొద్దున్నే ఇద్దరం కూర్చున్నాం. పాత సీడీ తీసి మామ్మ గొంతు ఎక్కించాం. సున్నా నుంచి దాచింది కాబట్టి ఎక్కడా కత్తిరింపు పడలేదు, ఆ రోజు ఎలా పాడిందో అలాగే ఉంది. కానీ దెబ్బ ఎక్కడ నొక్కాలి? మాట విరిగిన చోట నొక్కితే తప్పింది. ఊపిరి తీసుకున్న చోట నొక్కితే ఇంకా తప్పింది. మధ్యాహ్నానికి నాకు సహనం చచ్చింది.

"గొంతు వెనకాల ఏదో కిరకిరమంటోంది, అది ధ్యాసని చెడగొడుతోంది. చప్పుళ్ళు తీసేసే మీట ఉందిగా దీన్లో, ముందు శుభ్రం చేద్దాం" అన్నాను.

ఆయన నొక్కబోయారు. వేలు ఆగిపోయింది. పాట మొదటికి జరిపి, సున్నా దగ్గర పెట్టి, హెడ్‌ఫోన్ చెవులకి అదుముకున్నారు. మామ్మ ఇంకా పాట ఎత్తుకోని ఖాళీ అది. చాలాసేపు విన్నారు. తర్వాత హెడ్‌ఫోన్ తీసి నా తలకి పెట్టారు.

కిర్రు. కాసేపాగి, కిర్రు. మళ్ళీ కిర్రు.

తాటాకు చాప! ఆ రోజు ఊరుకుని కూర్చుందనుకున్న మామ్మ ఊరికే కూర్చోలేదు. పాట ఎత్తుకోకముందే తాడు పట్టుకుంది. వెనక్కి వాలి లాగుతోంది. లాగినప్పుడల్లా కింద చాప కిర్రుమంటోంది. ఖాళీలో మొదలైన ఆ చప్పుడు పాట పొడుగునా ఉంది. మాట ఎంత సాగినా, ఎంత బిగిసినా, ప్రతి లాగుకీ ఒక కిర్రు. మేము ఇన్నేళ్ళూ దెబ్బ గొంతులో ఉందనుకుని వెతికాం.

"మామ్మ మనకి చెబుతానే ఉందండీ" అన్నారు ఆయన.

చాప కిర్రుమన్న ప్రతిచోటా ఆయన నొక్కారు. నొక్కి, అల్లుడుగారి వంక చూశారు. తెర మీద గీతలు ఒకచోట దూరం జరిగాయి, ఒకచోట దగ్గరయ్యాయి. టిక్కు పెట్టి విన్నాం. టిక్కు మామ్మ వెనకాల నడుస్తోంది. ఆమె సాగితే ఆగుతోంది, ఆమె లాగితే కదులుతోంది. నేను కీబోర్డు మీద చెయ్యి వేశాను. డోలక్ పెట్టాను, వేణువు పెట్టాను. నా సర్వీసులో అంత సుఖంగా వాయించిన పాట ఇంకోటి లేదు. చాప చప్పుడు తీసెయ్యమని మళ్ళీ నేను అనలేదు.

మామ్మ మళ్ళీ వచ్చిన రోజున ఆమెని లోపల కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్ వద్దని, పెద్ద స్పీకర్లలో పెట్టాం. మొదట చాప. ఆమె తలెత్తింది. తర్వాత తన గొంతు, దాని వెంట డోలక్కు. ఆమె కళ్ళు మూసుకుంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి. కాసేపటికి వాటంతట అవే పిడికిళ్ళు బిగుసుకుని వెనక్కి లాగడం మొదలుపెట్టాయి. మాస్టారు స్పీకర్ల వంక చూడలేదు, ఆ చేతుల వంకే చూస్తున్నారు. పాట అయిపోయింది.

"తాడు చేతికి ఆనింది బాబూ" అంది మామ్మ, కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంటూ. మళ్ళీ పెట్టుకుని, "ఇది వల లాగేప్పటిది. వల నిండా చేప పడ్డ రోజు పాడేది ఇంకోటుంది" అంది.

నేను తల పట్టుకున్నాను. "దమ్ము లేదన్నావుగా మామ్మా!"

"లేదు. నిమ్మళంగా పాడతా." ఆమె నా వంక కాదు, ఆయన వంక చూసింది. "ఎంత నిమ్మళంగా పోయినా ఇప్పుడు నా యెంట వస్తారుగా?"

ఆయన లేచి, తువ్వాలు భుజాన సర్దుకుని, గది మధ్యలోకి వచ్చి చెయ్యెత్తారు.

"కీబోర్డుగారూ, ఫ్యాన్ ఆపండి. చాప మాత్రం ఆ పాతదే వెయ్యండి."